అత్త పెట్టిన శోకం

మా మేనత్త మొన్న సోమవారం పోయింది. లక్సెట్టిపేట నుంచి ఆమె కొడుకు, మా బావ, ఫోన్ చేసి చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు. "నువ్వు టీచర్‌వి, జర అందరికి చెప్పు. శోకాలు పెట్టద్దు. స్పీకర్ల భజన పెట్టిచ్చిన" అన్నాడు. ఎవరింట్లో చావైనా పోయి శోకం పెట్టిన మనిషి ఆమె. ఆమె దగ్గర మాత్రం ఎవరూ నోరెత్తకూడదట.

మా దిక్కు శోకమంటే ఉత్త ఏడుపు కాదు. శవం పక్కన కూర్చుని, పోయినవాళ్లను వరసపెట్టి పిలుస్తూ, రాగం తీస్తూ, వాళ్ల బతుకంతా చెప్పడం. కథ చెప్పడమంటే పుస్తకం రాయడమే అనుకునేవాళ్లతో నాకు పేచీ ఉంది. అత్తకు అక్షరం ముక్క రాదు. అయినా ఏ చావుకు పోయినా ముందు ఇంటివాళ్లను పక్కకు పిలిచి అడిగేది: ఏ కూర ఇష్టం, ఏం పని చేసేది, ఎవరి మీద బెంగ. తర్వాత చెంబెడు నీళ్లు తాగి, కొంగు నడుముకు బిగించి కూర్చునేది.

మంచి ఒక్కటే చెప్పేది కాదు. చొప్పదండిలో ఒక ముసలామె శవం ముందు, "నీ పెద్దకోడలికి కడుపునిండ బువ్వ పెట్టకపోతివి గదనే అక్కా" అని ఎత్తుకుంది. కొడుకులు మీదికొచ్చారు. అత్త కళ్లు తుడుచుకుని, "సచ్చినామెకు లేని కోపం మీకెందుకు బిడ్డా?" అని, ఆపినచోటి నుంచి మళ్లీ అందుకుంది. అప్పటిదాకా పొడికళ్లతో నిలబడ్డ పెద్దకోడలు వచ్చి మా అత్త మెడ పట్టుకుని ఏడ్చింది.

నేనూ ఆమెను ఆపబోయాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. బొగ్గుబాయిలో పనిచేసిన మా బాపు పోయిన రోజు, మా బడి టీచర్లు వచ్చారు. "అత్తా, జర ఊకో, అందరు చూస్తుండ్రు" అన్నాను చెవిలో.

"చూడనీ. నేనూకుంటె మా తమ్ముడు ఎట్ల బతికిండో ఎవలు చెప్తరు? నీకొస్తదా?" అంది.

నాకు రాదు. బాయి దిగిన మొదటి రోజు బాపు చీకటికి భయపడి ఏడ్చాడట. ఎవరికీ చెప్పొద్దని అక్కతో ఒట్టు వేయించుకున్నాడట. ఆ ఒట్టును అత్త అందరి ముందూ గట్టున పెట్టేసింది. అంత భయస్థుడు మా కోసం రిటైరయ్యేదాకా దిగాడు. బాపు మీద నాకు అంత ప్రేమ అంతకుముందెన్నడూ కలగలేదు.

లక్సెట్టిపేట చేరేసరికి అత్త అద్దాలపెట్టెలో ఉంది. స్పీకర్లో ఆమె ముఖమైనా ఎరగని మనిషెవరో పాడుతున్నాడు. ఆడవాళ్లంతా గోడకానుకుని మూగగా కూర్చున్నారు. నేను పోయి వైరు పీకేశాను.

"ఏం చేస్తున్నవ్?" అన్నాడు బావ.

"అత్త కత చెప్తున్న."

చెంబెడు నీళ్లు తాగాను. కొంగు బిగించాను. "ఓ అత్తా, నిన్ను ఊకొమ్మన్నది నేనే గదనే" అని మొదలుపెట్టాను. రాగం కుదరలేదు. రెండో మాట దగ్గరే ఆగిపోయాను.

గోడ దగ్గర నుంచి తల నెరిసినామె ఒకరు లేచొచ్చి, నా మెడ చుట్టూ చెయ్యేసి, నేను ఆగినచోటి నుంచి అందుకుంది. చొప్పదండి పెద్దకోడలు. పీకిన వైరు ఇంకా నా చేతిలోనే ఉంది.