రెబ్కా మౌస్‌కి పట్టిన కారం

రెబ్కా గురించి ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. నా పేరు కోటిరత్నం. గుంటూరు నుంచి నరసరావుపేట పోయే రోడ్డు మీద ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో గేటు దగ్గర కూర్చుంటాను. డెలివరీ స్లిప్పు చూసి లారీని బయటికి వదలడం నా పని. లోపల కంప్యూటరు ముందు కూర్చునేది రెబ్కా.

వాళ్ళమ్మ మిరపకాయల తొడిమలు తీసే పనికి పోయి ఈ పిల్లని చదివించింది. సాయంత్రానికి చేతులు భగభగమంటుంటే మజ్జిగలో ముంచుకుని కూర్చునేదట. అందుకేనేమో టిక్కీలంటే, అదే మిర్చి బస్తాలంటే, రెబ్కాకి అంత భయభక్తులు. ఏ రైతు సరుకు ఏ గదిలో ఉందో, ఎవరిది ఎప్పుడు బయటికి పోవాలో అన్నీ తన చేతి మీదే నడుస్తాయి. ఒకరి సరుకు ఇంకొకరికి పోయిందన్న మాట ఆమె వచ్చాక మేం వినలేదు. ఆదివారం చర్చిలో పిల్లలకు పాటలు నేర్పుతుంది. గట్టిగా మాట్లాడటం రాదు. ఆ లోటు నేను తీరుస్తుంటాను.

మా దగ్గరున్న కంప్యూటరు ఉత్త డొల్ల. అసలు పనంతా గుంటూరు హెడ్డాఫీసులో ఉన్న పెద్ద మిషన్లో జరుగుతుంది. రెబ్కా తెర మీద ఒక కిటికీ తెరుచుకుంటుంది. ఇక్కడ మౌస్ కదిపితే అక్కడ బాణం కదులుతుంది. ఆ కిటికీ మూసి మళ్ళీ తెరవాలంటే తల ప్రాణం తోకకొస్తుంది కాబట్టి పొద్దున తెరిచింది సాయంత్రం దాకా ఎవరూ మూయరు, భోజనానికి లేచినా సరే.

దానికేం జబ్బు చేసినా చూసేది హెడ్డాఫీసులో శశిభూషణ్. ఫోన్ చేస్తే అక్కడి నుంచే లోపలికొచ్చి బాగు చేస్తాడు. ప్రతిసారీ నీ అనుమతి అడగడం ఎందుకమ్మా అని ఒకరోజు ఏదో టిక్కు పెట్టించాడు. పాస్‌వర్డూ చెప్పించుకున్నాడు. రెబ్కాకి అన్నదమ్ముల్లేరు. వాణ్ణి నోరారా అన్నయ్యా అని పిలిచేది. వాడు తన తల్లికి గుండె ఆపరేషనంటే చర్చిలో అందరి చేతా ఉపవాస ప్రార్థన చేయించింది. నేను గుడికి పోయేదాన్ని, నా చేత కూడా ఆ పూట అన్నం మాన్పించింది.

ఈ సీజనులో ఆ బాణానికి పిచ్చి పట్టింది. రెబ్కా ఒకచోట పెడితే అది ఇంకోచోటికి ఉరికేది. మా దగ్గర ఏది చెడిపోయినా ముందు కారం మీదే పడతాం. ఫ్యాను తిరక్కపోతే కారం, ఫోను మోగకపోతే కారం. తలుపు తీస్తే తుమ్ములొచ్చే చోటు కదా మరి. మౌస్ కింద ఎర్రగా వెలిగే కంట్లో కారం పడిందన్నాం. రెబ్కా దూదితో తుడిచింది. బ్యాటరీలు మార్చింది. తీగ ఉన్న మౌస్ తెప్పించుకుంది. కింద అట్ట మార్చింది. అయినా అదే తంతు. విచిత్రమేమిటంటే ఆ కిటికీ బయట బాణం బుద్ధిగానే ఉండేది, కిటికీ లోపలే వేషాలు. ఆ మాటే శశిభూషణ్‌కి చెబితే లైను నెమ్మదిగా ఉంది, దాంతోపాటు కారం కూడా ఉంటుంది, తుడుస్తూ ఉండు అన్నాడు. అలా అయినప్పుడల్లా తనకొక మెయిల్ పెట్టమన్నాడు. నీకే మంచిదమ్మా అన్నాడు. పిచ్చిది, పెట్టింది.

ఒకరోజు జక్రయ్య వచ్చాడు. కౌలు రైతు, రెబ్కా వాళ్ళ చర్చి మనిషే. ధర వచ్చేదాకా ఆగుదామని దాచుకున్న తేజ రకం మిరపకాయలు తీసుకుపోదామని వస్తే గది ఖాళీ. మధ్యాహ్నం పూట సరైన స్లిప్పుతో ఎవరిదో లారీ ఎక్కించుకుపోయింది. స్లిప్పు నా గేటు దగ్గరి ప్రింటరులోనే వచ్చింది, నేనే గేటు తీశాను. కంప్యూటర్లో చూస్తే రెబ్కా పేరు మీదే ఉంది.

మేనేజరు వెంకటనారాయణగారు శశిభూషణ్‌ని పిలిపించారు. వాడొచ్చి రెబ్కా పెట్టిన మెయిళ్ళన్నీ చదివి వినిపించాడు. మౌస్ నా మాట వినడం లేదు, నేనొకటి నొక్కితే ఇంకోటి పడుతోంది అని తన రాతే. ఎవరి పేరో నొక్కబోతే జక్రయ్య పేరు మీద పడి ఉంటుందన్నాడు. పైగా జాలి కూడా.

"పాపం, ఆ అమ్మాయి కావాలని చేసింది కాదు సార్. చెయ్యి జారింది. ఉద్యోగంలోంచి తీసేసి వదిలేయండి, కేసులెందుకు" అన్నాడు.

రెబ్కా నమ్మింది. వాడి మాట విని తన చేతినే అనుమానించింది. జక్రయ్య ముందు నిలబడి నా వల్లే పోయాయి బాబాయ్ అని ఏడ్చింది. ఆయన తిట్టినా బాగుండేది. మీ అమ్మ ఇట్టా పెంచలేదే నిన్ను అని తలొంచుకుని వెళ్ళిపోయాడు.

ఆ నెలాఖరుకి మానేయమన్నారు. మర్నాడు మధ్యాహ్నం అన్నానికి రాలేదేమని పిలవడానికి గదిలోకి వెళ్ళాను. కొత్తగా వచ్చే మనిషికైనా బాగుండాలని మౌస్ తీగ పీకి, ఒళ్ళో పెట్టుకుని దూదితో తుడుస్తోంది. ఎవరి కోసమే ఈ చాకిరీ అని తిట్టబోయి తెర వైపు చూశాను.

బాణం కదులుతోంది.

దర్జాగా, ఎక్కడికి పోవాలో తెలిసినట్టు పోతోంది. రైతుల పేర్లు తెరిచింది. కిందికి దిగింది. వినుకొండ వైపు రైతు ఒకాయన పేరు దగ్గర ఆగి సరుకు విడుదల బటన్ మీదికి జరిగింది. నేను చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తి వెంకటనారాయణగారిని చెయ్యి పట్టుకు లాక్కొచ్చాను. రెబ్కా అప్పటికే శశిభూషణ్‌కి ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టింది. అక్కడ మోగింది. ఇక్కడ బాణం ఆగింది.

"ఏంటమ్మా, అన్నం తింటున్నా" అన్నాడు శశిభూషణ్.

"మౌస్ మళ్ళీ ఉరుకుతోంది అన్నయ్యా."

"కారమే అయ్యుంటుంది. తీసి తుడువు."

"తీసే ఉంది. నా ఒళ్ళో ఉంది" అంది రెబ్కా.

బాణం ఆ పేరు మీదే ఉండిపోయింది. వెంకటనారాయణగారి మొహం కందగడ్డలా అయింది. ఫోన్ లాక్కోబోతే రెబ్కా చెయ్యి అడ్డం పెట్టింది. జక్రయ్య టిక్కీలు ఏం చేశావని అడుగుతుందనుకున్నాను. నా పేరు మీద ఇంత పని ఎందుకు చేశావని అడుగుతుందనుకున్నాను. నేనైతే వాడి ఏడు తరాలూ కడిగేసేదాన్ని.

"మీ అమ్మగారికి ఆపరేషనన్నావు చూడు అన్నయ్యా, అదైనా నిజమేనా?" అని అడిగింది.

వాడు ఫోన్ పెట్టేశాడు.