నా సైన్యానికి పోసిన పాత నీళ్లు

తొంభైల మొదట్లో పోచంపల్లిలో మా వీధి వీధంతా నన్ను సేనాపతి అనుకునేది. తప్పు నాదే. పట్నంలో ఏం పరిశోధన చేస్తున్నావని మగ్గాల దగ్గర అడిగితే, సీసాల్లో సైనికుల్ని పెంచుతున్నాననీ, జ్వరాలన్నీ నాకు సలాం కొడతాయనీ కోతలు కోసేవాణ్ణి.

సగం నిజమే. అవి ఎలుకల ఒంట్లోంచి తీసిన టీ కణాలు, రోగాలతో పోరాడేవి. ఇంటర్‌లూకిన్-2 అనే సంకేతపు అణువు అందుతున్నంతసేపే బతుకుతాయి. అది ఆగితే తమంతట తామే చచ్చిపోతాయి. అలాంటివే ఇంకొన్ని అణువులున్నాయి. తెల్ల నూలు ఏ రంగులో మునిగితే ఆ రంగైనట్టు, వాటిలో ఏది తగిలితే కణం ఆ రకం సిపాయి అవుతుంది.

ఆ ఇంటర్‌లూకిన్ మందు మంచుపెట్టెలో విదేశం నుంచి బోలెడు ఖరీదుకు వచ్చేది. నాదేమో నేతింటి బుద్ధి. మా ఇంట్లో నూలు అద్దగా మిగిలిన రంగునీళ్లు పారబోసేవాళ్లు కాదు, లేత రంగుకు వాడేవాళ్లు. నేనూ, మందు ఇంకా మిగిలే ఉంటుందని, పాత సీసాల్లోంచి తీసిన ద్రవాన్నే కొత్త కణాలకు పోశాను. అప్పటికే ఒకసారి కణాలన్నీ చంపాను. మళ్లీ జరిగితే పెట్టె సర్దుకొని ఇంటికి పొమ్మన్నారు, నా పరిశోధన చూసే మా సారు.

మూడో రోజు పొద్దున్నే, సైన్యాన్ని చూడాలని నాయిన మొదటి బస్సుకు పట్నంలో దిగాడు. ల్యాబులోకి వస్తూనే మైక్రోస్కోపుకు కన్ను ఆనించాడు.

"ఏందిరా, అన్ని ముడుసుకొని పన్నయి?"

"ఇయ్యాల ఐతారం గద నాయినా, సెలవు."

"సచ్చినోళ్లకు సుత సెలవిస్తరా మీ తాన? ఏం పోసినవ్ చెప్పు."

చెప్పాను. నాయిన ఆ సీసాను, కొత్త ద్రవం ఉన్న సీసాను పక్కపక్కన వెలుతురుకు ఎత్తి పట్టాడు.

"గులాబి రంగు పోయి పసుపుకు దిగింది. రంగులోళ్ల ఇంట్ల పుట్టినవ్, కండ్లు యాడవెట్టినవ్? నూలు తాగినంక మిగిలేది ఉత్త నీళ్లే కొడకా. మన నూలంటే లేత రంగుతోని ఎల్తది. లేత పానంతోని ఎవడన్న బతుకుతడా?"

మూలన, అంతకుముందు పోసిన మందుతోనే కణాలు ఇంకా బతికున్న సీసా ఒక్కటి మిగిలి ఉంది.

"గండ్ల గూడ గా పాత నీళ్లే పోసినవా?"

"ఇంక పొయ్యలే."

"మరి కొత్తది పొయ్యి! నన్ను జూస్తవేంది?"

పోశాను. రెండు రోజులకు ఆ సీసాలో కణాలు ఉబ్బి, గుంపులు కట్టాయి. మా సారు పెట్టె ఊసెత్తలేదు.

ఆ తర్వాత ఊరికి పోతే, పచ్చి రంగు వాసన కొట్టే మా వాకిట్లో పదిమంది నాయిన చుట్టూ కూర్చున్నారు.

"పోరని ఫౌజంత పడిపోతే నేను పోయి లేపిన. లేసి నాకు సలాం గొట్టినయి!"

ఇప్పుడు లెక్కేసుకుంటే నా కథలో సగమే నిజం. ఆయన కథలో మాత్రం ఒక్క సలామే అబద్ధం.