వర్ధన్నపేట దారిలో మామయ్య, నేను, ఎదురుగాలి

మోకాలి ఆపరేషన్ తర్వాత మా మామయ్య ఆరు నెలలు సైకిల్ ముట్టలేదు. శ్రావణంలో ఒక శనివారం అన్నం తింటూ తేల్చేశారు: "రేపు వర్ధన్నపేట పోయొస్త. అయితే అయింది, కాకుంటే సైకిల్ అమ్మేద్దాం." నాకు ముద్ద దిగలేదు. పెళ్లయి హన్మకొండకు వచ్చిన కొత్తలో, కోడలు సైకిల్ తొక్కుడేందని చుట్టాలు నోళ్లు నొక్కుకుంటే, "నా ఎంబడి వస్తది, మీకెందుకు" అన్న మనిషి ఆయన. ఆయన సైకిల్ అమ్మితే నా ఆదివారాలు కూడా అమ్మేసినట్టే.

పొద్దున ఐదున్నరకు నలుగురం బయలుదేరాం. మామయ్య, నేను, ప్రతి ఆదివారం మాతో తొక్కే రవి, శైలజ. రవికి బజారులో బట్టల దుకాణం, శైలజ బడిలో పంతులమ్మ. ఖమ్మం రోడ్డు మీద వర్ధన్నపేట ముప్పై కిలోమీటర్లుంటుంది, పెద్ద ఎత్తులేవీ రావు. మామునూరు దాటగానే తుంపర మొదలైంది. పడమటి గాలి వెనక నుంచి తోస్తుంటే గంటన్నరలో చేరిపోయాం. బస్టాండు దగ్గర ముప్పై రూపాయలకు ప్లేటు ఇడ్లీ, పైన వేడి చాయ్. "కాకా, ఆపరేషన్ అయింది మీకా, మాకా?" అని రవి ఆటపట్టించాడు. మామయ్య మురిసిపోయారు. నేనూ తెగ సంబరపడ్డాను. అదంతా గాలి చలవ అని ఎవరికీ తట్టలేదు.

తిరుగు దారిలో అదే గాలి ఎదురొచ్చింది. ఇల్లంద దాటేసరికి వాన ముఖాన కొడుతోంది. ఇలాంటప్పుడు వంతులు వేసుకోవాలి. ముందున్నవాళ్లు గాలికి అడ్డు నిలిస్తే వెనకవాళ్లు ఆ చాటున తేలిగ్గా వస్తారు, కాసేపటికి మారతారు. ఆ రోజు మామయ్యే ముందున్నారు, ఎవరూ మారలేదు. పెద్దాయనను దాటుకుని పోతే ఏం బాగుంటుందని రవి, శైలజ ఆగారు. మామగారి ముందు కోడలు తొక్కడమేమిటని నేనూ ఆగాను. ఆయన నెమ్మదిస్తే మేమూ నెమ్మదించాం. ఎంత మర్యాదస్తులమో చూడండి, ముగ్గురు గట్టివాళ్లం ఆపరేషన్ అయిన మనిషి చాటున హాయిగా వస్తున్నాం.

పంథిని దగ్గర మామయ్య దిగిపోయారు. చాయ్ హోటల్ రేకుల చాటున కూలబడి మోకాలు పట్టుకున్నారు.

"ఆటో మాట్లాడు బిడ్డా. నాతోని అయితలేదు. ఇగ సైకిల్ అమ్ముడే."

నాకు ఏడుపొచ్చినంత పనైంది. "గీ గాలికి మా రేకులే లేస్తానయి, జర కూసోండ్రి" అంది చాయ్ పోస్తున్న అక్క. రేకుల చాటుకు వచ్చిన కాసేపటికే మామయ్య ఆయాసం తగ్గడం చూశాక గానీ నాకు బుర్ర వెలగలేదు.

"మామయ్యా, ఆటో వద్దు. మీరు నా ఎనక రాండ్రి. గాలి దెబ్బ నేను పడత."

"నీ ఎనక నేనా?" అని ముఖం ముడుచుకున్నారు.

"మీరు తొక్కుడు బంద్ చేస్తే నేను ఎవరి ఎంబడి పోవాలె?" అన్నాను.

ఆయన చాయ్ తాగి సైకిల్ తీశారు.

ముందు నేను, నా వెనక చక్రానికి కాస్త ఎడంగా మామయ్య. తర్వాత రవి, ఆ తర్వాత శైలజ ముందుకొచ్చారు. మామయ్యను మాత్రం ముందుకు రానివ్వలేదు. మళ్లీ నా వంతు వచ్చేసరికి మామునూరు దగ్గర పడింది. "జర తేజ్ తొక్కు బిడ్డా, ఆకలైతాంది" అని వెనక నుంచి కసిరారు. ఆ కసురు విని నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఇంటి దగ్గర అత్తమ్మ ఎట్లయిందని అడిగితే, "బిడ్డ ముందట ఉన్నది, నేను మంచిగ వచ్చిన" అని గొప్పగా చెప్పారు. అమ్మకం మాట మళ్లీ ఎత్తలేదు.

పెద్దవాళ్ల వెనక నడవడమే గౌరవం అనుకుంటూ పెరిగాను. ఆ గౌరవంతోనే ఆయన్ను ఇంట్లో కూర్చోబెట్టేసేదాన్ని. వానాకాలంలో ఈ దారిన వెళ్లేవాళ్లకు ఒక్కటే చెప్తాను. పెద్దవాళ్లను తీసుకెళ్తే, ఎదురుగాలిలో ముందెవరుండాలో ఇంటి దగ్గరే మాట్లాడుకోండి. దారిలో ఆ మాట అనడానికి నోరు రాదు.