నల్లులోళ్ళ ఇల్లు

లాడ్జి గదిలోకి అడుగుపెట్టగానే ఎవరైనా ఫ్యాను వేస్తారు, బాత్‌రూములో నీళ్ళు వస్తున్నాయో లేదో చూస్తారు. నేను సంచి భుజం మీద నుంచి దించకుండానే పరుపు మూల ఎత్తుతాను. సెల్‌ఫోన్ లైటు వేసి కుట్టు వెంబడి చూస్తాను. తర్వాత మంచం కోళ్ళు, తలవైపు చెక్క, చెక్కకూ గోడకూ మధ్య సందు. మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు కనబడ్డాయా, తలుపు వేసి కిందికి దిగిపోతాను. నల్లి కనబడనక్కర్లేదు, అది వదిలిన గుర్తు చాలు.

మాది తాడిపత్రి. బండల పాలిష్ యూనిట్టు ఉంది. ఇళ్ళకూ కల్యాణ మండపాలకూ నాపరాళ్ళు కోసి, నునుపు చేసి పంపుతాం. ఆర్డర్ల కోసం నెలలో నాలుగైదు రోజులు ఊళ్ళు తిరగాలి. తిరిగితే లాడ్జీలో పడుకోక తప్పదు.

ఈ పిచ్చి నాకు పుట్టుకతో రాలేదు. మా అమ్మాయి బడికి పోయే రోజుల్లో ఒకసారి నా సంచిలో నల్లులు ఇంటికి వచ్చాయి. ఎన్ని వచ్చాయో తెలియదు గానీ మూడు నెలల్లో ఇల్లంతా వాటిదే అయింది. మంచాల్లో, కుర్చీల్లో, ఆఖరికి గోడకు వేలాడే క్యాలెండర్ వెనక కూడా. కిరోసిన్ పూశాం, వేడినీళ్ళు పోశాం. ట్యాంకరు వస్తే తప్ప బిందె నిండని ఎండాకాలంలో మంచాల మీద నీళ్ళు గుమ్మరిస్తుంటే వీధికి విషయం తెలియకుండా ఉంటుందా? ఆ తర్వాత మా ఇంటికి వచ్చినవాళ్ళు ఎవరూ కూర్చోలేదు. "పనుండాదక్కా, మళ్ళొస్తా" అని గడప దగ్గరే నిలబడి మాట్లాడి పోయేవాళ్ళు. మా ఇంటికి నల్లులోళ్ళ ఇల్లు అని పేరు పడిపోయింది. ఆ పేరు మాయడానికి ఏళ్ళు పట్టింది. మా ఆవిడ మాత్రం మరిచిపోలేదు, నన్ను మరిచిపోనివ్వనూ లేదు.

అప్పటి నుంచి మా ఇంట్లో ఒక చట్టం అమల్లో ఉంది. పెరట్లో ఒక పెద్ద నల్లబండ వేయించాను. మా ఊరి ఎండకు పొద్దున పది దాటితే దాని మీద చెయ్యి ఆన్చలేం. ఊరి నుంచి వచ్చినప్పుడు నేను వీధి తలుపు తొక్కకూడదు. పక్క సందులో నుంచి పెరట్లోకి వచ్చి సంచిని ఆ బండ మీద బోర్లించాలి. ఒంటి మీది బట్టలు అక్కడే విడిచి, పంచె చుట్టుకుని స్నానం చేసి, ఆ తర్వాతే ఇంట్లోకి. సంపాదించుకొచ్చే మగవాడికి ఇంట్లో వడియాల పాటి మర్యాద కూడా లేదు. వడియాలనైనా ఎండాక ప్రేమగా ఎత్తి పెడతారు.

ఈ ఎండాకాలం మా అమ్మాయి మొదటి కాన్పుకు వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. మనవరాలిని చేతుల్లోకి తీసుకోవాలని నాకెంత తహతహో చెప్పలేను. పురుడు వెళ్ళేదాకా గదిలోకి రావద్దన్నారు, ఆగాను. పాపను ఉయ్యాలలో వేసే రోజు వచ్చింది.

మా ఇళ్ళలో తొలి బిడ్డకు కొత్త ఉయ్యాల కొనరు. పిల్లలు చల్లగా పెరిగిన ఇంటి నుంచి అడిగి తెచ్చుకుంటారు. మా ఆవిడ పుట్టింటి ఉయ్యాల ఒకటి ఉంది. టేకుది, నాలుగు మూలలా చెక్క చిలకలు. మా అమ్మాయి కూడా అందులోనే పెరిగింది. ఇప్పుడది యాడికి అనే ఊళ్ళో మా వదిన, అంటే మా ఆవిడ అక్క, ఇంట్లో ఉంది. మొన్నటిదాకా ఆమె మనవడు పడుకున్నాడు. నేనే పోయి తెచ్చాను. మా వదిన దానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, టెంకాయతో సహా అప్పగించింది. అలా వచ్చిన ఉయ్యాలను కడగరు, ఎండలో పెట్టరు. కడిగితే ఆ ఇంటి చలవ కూడా నీళ్ళలో పోతుందని నమ్మకం. గూడ్స్ ఆటోలో దాన్ని దేవుడి పల్లకీలా పట్టుకుని కూర్చుని, వీధి తలుపు గుండానే నేరుగా ఇంట్లోకి తెచ్చాను.

ఆ రోజు పాప ఒడి ఒడీ తిరిగి నా దగ్గరికి వచ్చేసరికి పాల కోసం ఏడుపు అందుకుంది. నిండా రెండు నిమిషాలు కూడా నా చేతుల్లో లేదు. మర్నాడే బళ్ళారి వైపు నుంచి ఒక కల్యాణ మండపం వాళ్ళు ఫోన్ చేశారు, వచ్చి కొలతలు తీసుకోమని. తిట్టుకుంటూ బయలుదేరాను.

అక్కడి లాడ్జీలో పరుపు ఎత్తగానే చుక్కలు. కిందికి దిగి ఇంకో గది ఇమ్మన్నాను.

"ఏమన్నా, ఆ రూముకేమయింది?" అన్నాడు కౌంటర్లో మనిషి.

"నల్లులుండాయి."

"యాడుండాయి? పట్టుకోనొచ్చి చూపిచ్చు. నిన్నటిదాంకా పెండ్లోళ్ళు దిగినారు, ఒక్కరన్నా ఏమన్నా అన్నారా?"

రెండో గదిలోనూ అదే కథ. మూడో తాళం అడిగేసరికి అతనికి విసుగొచ్చింది. "అన్నా, నువ్వు పండుకునేకి వచ్చినావా, ఎతుక్కునేకి వచ్చినావా?"

నాకు ఒళ్ళు మండింది. ఇంట్లో పసిగుడ్డు ఉందని ఇతనికి చెప్పి ఏం లాభం? ఊళ్ళో ఉన్న ఇంకో లాడ్జీ పెళ్ళిళ్ళతో నిండిపోయింది. చివరికి ఆ రెండో గది మధ్యలోనే ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, సంచిని బాత్‌రూము కొక్కేనికి తగిలించి, కొలతల పని అయ్యేదాకా రెండు రాత్రులూ కూర్చునే గడిపాను. తిరుగు బస్సులో సీట్ల మీద కూడా నమ్మకం లేక నిలబడే వచ్చాను.

"సీటు ఖాళీగా ఉండాది కదన్నా, కూచ్చో" అన్నాడు కండక్టరు.

"వద్దులేప్పా."

"ఏమన్నా, మొలలా?" బస్సంతా వినేట్టు అడిగాడు.

"అవునప్పా" అన్నాను. నల్లులని చెప్పడం కంటే అదే మేలనిపించింది.

ఇల్లు చేరి, బండ మీద సంచి బోర్లించి, స్నానం చేశాను. ఎందుకైనా మంచిదని ఒకరోజు ఆగి ఎత్తుకుంటానని నేనే అన్నాను. గడపలో నిలబడి చూశాను. పాప పిడికిళ్ళు బిగించి నిద్రపోతోంది.

మర్నాడు పొద్దున పాప కాలి మీద ఎర్రటి దద్దుర్లు.

"తెచ్చినారా మళ్ళా?" అంది మా ఆవిడ. అరవలేదు. అరిచినా బాగుండేది.

"బండ మీద ఎండబెట్టినా కదే. నువ్వే చూస్తివి."

"మరి యాడనుంచి వచ్చినాయి? ఆకాశంలోనుంచా?"

నేను ఒక అడుగు ముందుకు వేసేసరికి మా అమ్మాయి పాప మీద చీర చెంగు కప్పి గోడ వైపు తిరిగింది. ఆమె ఏదైనా అని ఉంటే తిరిగి ఒక మాట అనేవాణ్ణి. ఆ చెంగు చూశాక వేసిన అడుగు వెనక్కి తీసుకున్నాను.

సంచి, చెప్పులు, బెల్టు అన్నీ ఊరవతల పారేసి, యూనిట్టుకు పోయి బండల మీద పడుకోవడం మొదలుపెట్టాను. క్యారియరులో అన్నం వచ్చేది. పాలిష్ దుమ్ములో కూర్చుని తింటుంటే కోపం నా మీదో, లాడ్జీల మీదో, ఈ వ్యాపారం మీదో నాకే తెలిసేది కాదు. మూడో రోజు మా ఆవిడ ఫోన్ చేసింది. "ఇంకా కరస్తానే ఉండాయి. ఈసారి చేతి మీద."

అప్పుడు వెలిగింది నాకు, ఇంట్లో ఇంకెవరినీ కాకుండా పాపనొక్కదాన్నే కరుస్తున్నాయంటే అవి పాప పడుకునే చోటే ఉండాలని. మధ్యాహ్నం ఎండలోనే ఇంటికి పోయాను. దూరంగా నిలబడి పాప చెయ్యి చూపించమన్నాను. దద్దుర్లు వరసగా ఉన్నాయి, సూదితో కుట్టు వేసినట్టు. ఆ వరస నాకు బాగా తెలుసు.

"పాప యాడ పండుకుంటాంది?"

"ఉయ్యాల్లోనే నాయనా, ఇంకేడ?" అంది అమ్మాయి.

సెల్‌ఫోన్ లైటు వేశాను. పసుపు రాసిన పక్క చెక్క కింద, చిలక రెక్కకూ కమ్మీకీ మధ్య సందులో మిరియాల పొడి. ఏ ఊళ్ళో పరుపునూ వదలని నేను, నా చేతులతో మోసుకొచ్చిన ఉయ్యాలను ఒక్కసారి తిప్పి చూడలేదు. పసుపు కుంకుమలు ఉన్నచోట నల్లి ఉంటుందని నాకు తోచనే లేదు. నా మీద నాకు పుట్టిన అసహ్యం ఇంతా అంతా కాదు.

"ఉయ్యాలను ఎండలో పెడతారా?" అని మా ఆవిడ అడ్డం వచ్చింది. వినకుండా ఎత్తుకుపోయి బండ మీద పెట్టాను. కాసేపటికి చిలకల సందుల్లోంచి ఒక్కొక్కటే బయటికి వచ్చి, కాలే రాతి మీద నాలుగడుగులు పరుగెత్తి ఆగిపోయాయి. మా ఆవిడ చాలాసేపు చూసింది.

తర్వాత నా పక్కకు వచ్చి నెమ్మదిగా అంది. "అక్కకు తెలిస్తే తట్టుకోలేదు. మా అమ్మ ఉయ్యాల అది. ఈ మాట బయటికి పోతే ఇంకెవరూ దాన్ని అడగరు. మీరు లాడ్జీ నుంచి తెచ్చినారనే అనుకోనీండి. ఎట్లా మీకు ఆ పేరుండనే ఉండాది."

పేరుండనే ఉంది! కుర్చీలో కూర్చున్న రెండు రాత్రులు, నిలబడి చేసిన ప్రయాణం, బండల మీద పడక, అన్నీ ఆ ఒక్క మాటలో కొట్టుకుపోయాయి. లోపలికి పోయి కాళ్ళూ చేతులూ కడుక్కున్నాను. మా అమ్మాయి లేచి వచ్చి, కళ్ళు దించుకునే, పాపను నా చేతుల్లో పెట్టింది.

ఆ శుక్రవారం యాడికి నుంచి మా వదిన వచ్చింది. నేను పాపను ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాను. మానుతున్న దద్దుర్లు చూసి మండిపడింది.

"ఏమప్పా, బుద్ధుందా నీకు? లాడ్జీలన్నీ తిరిగొచ్చి పసిబిడ్డ దగ్గరికి వస్తావా?"

మా ఆవిడ వంటింటి తలుపు దగ్గరే ఆగిపోయింది. మా అమ్మాయి నా వైపు చూసింది.

"తప్పు నాదే వదినా" అన్నాను.

"అయితే ఆ బిడ్డనిట్లియ్యి" అని చేతులు చాపింది.

అది మాత్రం ఇవ్వలేదు.