మాది కాని కుక్కకి నేను రాసిన బోర్డు

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. లోకంలో జరిగే ప్రమాదాలన్నిటికీ కారణం సరైన బోర్డు లేకపోవడమేనని. తొంభైల మొదట్లో మాట. మెకానికల్ డిప్లొమా ముగించి, మద్రాసు శివార్లలోని మనలిలో ఒక రసాయనాల ఫ్యాక్టరీలో, భద్రతా విభాగంలో ట్రైనీగా చేరిన కొత్త. యాసిడ్ ట్యాంకు దగ్గర ఏ బోర్డు పెట్టాలి, అక్షరం ఎంత ఎత్తుండాలి, పసుపు మీద నలుపుతోనే ఎందుకు రాయాలి, అన్నీ నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. (ఎవరూ లేపలేదు. మెలకువలో ఉన్నప్పుడూ అడగలేదు.) జార్జి టౌన్‌లో మిరపకాయల హోల్‌సేల్ చేసే మా పెదనాయన ఇంట్లో ఉండి, రోజూ బస్సులో మనలి పోయి వచ్చేవాణ్ణి. నా విద్యకి ఆ ఇంట్లో పని కల్పించింది ఒక కుక్క.

కుక్క మాది కాదు. ఈ మాట దయచేసి గుర్తుంచుకోండి, ఆ తర్వాత ఎవరూ ఒప్పుకోలేదు. సందులో పుట్టి సందులో పెరిగిన గోధుమరంగు వీధికుక్క. పేరు మణి. మా అవ్వ, అంటే పెదనాయన తల్లి, భైరవుడి వాహనమని దానికి రోజూ పెరుగన్నం పెట్టేది. అది తిని మా వీధి వాకిలి పక్క తిన్నె మీద పడుకునేది. ఒకరోజు ఇంటికి మూట తెచ్చిన తోపుడుబండి మనిషి లుంగీ పట్టుకుని చింపేసింది. "మీ కుక్క కొత్త లుంగీ చించేసింది, ఎవరిస్తారయ్యా?" అని అతను సందంతా వినబడేలా అరిచాడు. "మా కుక్కని ఎవురు చెప్పినారప్పా నీకు? అది ఈదికుక్క" అన్నాడు పెదనాయన, తిన్నె మీద పేపరు దించకుండా. సరిగ్గా అప్పుడే లోపల్నుంచి అవ్వ: "ఒరే మణీ, ఏడికి పోతివిరా? బువ్వ పెట్టుండా, రా నాయనా!" మణి లుంగీ ముక్క నోట్లోనే పెట్టుకుని, తోకాడిస్తూ, పెదనాయన కాళ్ల పక్కనుంచి మా ఇంట్లోకి నడిచిపోయింది. కొత్త లుంగీ మేమే కొనిచ్చాం.

పక్కింట్లో కోర్టు మామ ఉండేవాడు. కోర్టులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. చట్టం చదవలేదుగానీ, చదివినవాళ్ల పక్కన చాలాకాలం కూర్చున్నాడు. "బోర్డు పెట్టండప్పా. హెచ్చరిక ఉంటే బాధ్యత రాదు" అని తీర్పు చెప్పాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. మంచి హెచ్చరిక మూడు సంగతులు చెప్పాలని మా పుస్తకంలో ఉంది: ప్రమాదం ఏమిటి, దానివల్ల ఏమవుతుంది, చూసినవాడు ఏం చెయ్యాలి. రేకు తెచ్చి, పసుపు వేసి, తెలుగు, తమిళం, ఇంగ్లీషుల్లో రాశాను: 'కుక్క ఉన్నది. కరుచును. జాగ్రత్త. కరిచినచో యజమాని బాధ్యుడు కాడు.' సందు మొదట్లో నిలబడ్డా చదవొచ్చు.

సాయంత్రం అవ్వ నన్ను నిలదీసింది. "పసిబిడ్డ మాదిరి పడుకొనుంటే, కరుస్తాదని ఊరంతా చాటిస్తావా? నీ మీద ఎవురన్నా అట్ట రాసి పెడితే?" కోర్టు మామ అయితే కళ్లద్దాలు పైకెత్తి బోర్డంతా చదివి, తల పట్టుకున్నాడు. "ఏందిరా ఇది! కరుచును అని రాసినావే, అంటే కరుస్తాదని మీకు ముందే తెలుసుననేగా? రేపు కోర్టులో ఈ రేకే సాక్షి." కరుచును చెరిపేశాను. "యజమాని అని ఎందుకు రాసినావు? కుక్క మీది కాదంటిరే?" ఆ వాక్యమంతా చెరిపేశాను. చివరికి మూడు భాషల్లో 'కుక్క ఉన్నది. జాగ్రత్త' మిగిలింది, చుట్టూ చెరిపిన మచ్చలతో. "రేయ్ డిప్లొమా," అన్నాడు పెదనాయన, "నువ్వు పూసిన పెయింటు దుడ్డుకి కుక్కకే ఒక లుంగీ కొనుండచ్చురా."

ఆ వారమే ఫోన్ మనిషి వచ్చాడు. ఆ కాలంలో ఇంటికి ఫోన్ రావడమంటే ఏమిటో ఇప్పటివాళ్లకి చెప్పడం కష్టం. గుంటూరులో మిరపకాయల ధర తెలుసుకోవడానికి పెదనాయన రోజూ పొద్దున ఎస్టీడీ బూత్ ముందు వరసలో నిలబడేవాడు. ఆయన వంతు వచ్చేలోగా ఫోనున్న వ్యాపారులు మంచి సరుకంతా మాట్లాడేసుకునేవాళ్లు. నేను ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి ఆయన తిన్నె మీద చెంపకి చెయ్యానించి కూర్చునున్నాడు. "నేను ఫోనుకి అర్జీ రాసిచ్చినప్పుడు నువ్వు నిక్కరేసుకొని తిరగతా ఉంటివి. ఈ దినం లైన్‌మన్ తలుపు దాకా వచ్చినాడు. నీ బోర్డు చదివినాడు. ఎనక్కి పోయినాడు. అంత బాగా రాసినావురా." (బోర్డు పనిచేసిందని ఒక్క క్షణం సంతోషించిన మాట నిజం. బయటికి చెప్పలేదు.) ఇంకోసారి తప్పితే మా పేరు వరస చివరికి పోతుంది.

మర్నాడు సెలవు పెట్టి ఎక్స్‌ఛేంజీకి పరిగెత్తాను. "తంబీ, బొడ్డు చుట్టూ ఇంజక్షన్లు నువ్వు వేసుకుంటావా?" అన్నాడు లైన్‌మన్. "రేపు వస్తాను. నాయిని, ఆ కుక్కని, కట్టిపెట్టండి. లేకపోతే వాకిట్లోనుంచే తిరిగి పోతాను." ఇంటికొచ్చి తాడు తీశానో లేదో, గోడ మీదుగా కోర్టు మామ: "కట్టినావంటే అయిపోయింది. తాడు ఎవుడిదో కుక్క వాడిది." సరే, కట్టను. "కట్టక, అది కరిచిందనుకో, ఆయన సర్కారు మనిషి, డ్యూటీలో ఉంటాడు." మరేం చెయ్యమంటావు మామా? "అది నువ్వు చూసుకోవాలప్పా, చదువుకున్నోడివి." ఆ గోడ ఇంకాస్త ఎత్తు కట్టని మేస్త్రీని తిట్టుకున్నాను.

మర్నాడు లైన్‌మన్ నిచ్చెనతో వాకిట నిలబడ్డాడు. తిన్నె మీద మణి లేచి నిలబడింది. నేను గోనెసంచి పట్టుకుని మధ్యలో నిలబడ్డాను. పెదనాయన కళ్లు మూసుకుని ఏదో దేవుణ్ణి పిలుస్తున్నాడు. అప్పుడు అవ్వ కంచంతో బయటికొచ్చింది. "తప్పుకోరా సంచీ. ఇదో నాయనా, నువ్వు రా. ఈ ముద్ద నీ చేత్తో పెట్టు." అతను సగం దూరం వంగి, మొహం పక్కకి తిప్పుకుని, చెయ్యి చాచాడు. మణి ముద్ద తిని, చెయ్యి నాకి, పని అయ్యేదాకా నిచ్చెన కిందే కాపలా పడుకుంది. ఫోన్ మోగింది. పెదనాయన రిసీవరు తలకిందులుగా పట్టుకుని "అలో" అన్నాడు.

లైన్‌మన్ సైకిలెక్కి వెళ్లిన కాసేపటికే తిరిగొచ్చాడు. వెనకాలే మణి. "సార్, మీ కుక్క నన్ను వదలట్లేదు. పక్క సందులో ఇంకో ఇంటికి పనికి పోతే, ఆ ఇంటివాళ్లనే గుమ్మం దాటనివ్వట్లేదు!" గోడ మీద కోర్టు మామ మొహం వెలిగిపోయింది. "అన్నం పెట్టింది ఎవురు?" అని అడిగాడు. లైన్‌మన్ తన చెయ్యి చూసుకున్నాడు. పెదనాయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని లోపలికి పోయి నవ్వాడు.

వానాకాలంలో తిన్నె తడుస్తుందని అవ్వ ఆ రేకు తీసి మణి కింద పరిచింది. ఫోన్ చేసుకోవడానికి వచ్చే సందులోని జనమంతా నిద్రపోతున్న మణిని దాటుకుని లోపలికొచ్చేవాళ్లు. దాని పొట్ట కింద నుంచి పసుపు మీద నల్లగా 'జాగ్రత్త' తొంగిచూసేది.

ఇప్పుడు చెన్నైలోనే షోళింగనల్లూరులో మా అపార్ట్‌మెంట్ సంఘం వాళ్లు గేటు దగ్గరి కుక్క కోసం బోర్డు రాసిమ్మన్నారు, భద్రతలో పనిచేసినవాణ్ణి కదా అని. పసుపు మీద నలుపు, కొలత ప్రకారం అక్షరాలు, అన్నీ ఆనాటి ట్రైనీ కుర్రవాడు మెచ్చుకునేలా రాశాను. మూడో సంగతి దగ్గర చెయ్యి ఆగింది. చూసినవాడు ఏం చెయ్యాలి? ఆ కుర్రవాడు ఉత్త 'జాగ్రత్త'తో సరిపెట్టిన చోట రాశాను: 'పెరుగన్నం తింటుంది.' కార్యదర్శి రెండుసార్లు చదివి, ఇది నిబంధనల్లో ఉందా సార్ అని అడిగాడు. అక్షరాల ఎత్తు మాత్రం ఉందన్నాను.