లైటు ఆరినాక నొక్కిన వాచీ

నా బొటనవేల్లో ఒక బరువు ఉంది. ఏండ్లుగా ఉంది. అంట్లు తోమేటప్పుడు కూడా దిగదు. నాకు అంకెలు తప్ప అక్షరాలు రావు. నేను చెప్తా ఉంటే వేరేవాళ్ళు రాస్తా ఉండారు. నా పేరు మటుకు రాయొద్దన్నాను. రాసేవాళ్ళకూ, చదివే మీకూ తప్ప ఇది ఎవురికీ చెప్పలేదు.

మా ఇంటాయనకు పాత కంప్యూటర్ల పిచ్చి. టీవీకి తగిలించుకునే రకం, జనం ఎప్పుడో పారేసినవి. వాటికి హార్డ్ డిస్కు పెట్టాలంటే మధ్యలో ఒక కార్డు కావాలి, కంట్రోలర్ అంటారు. ఎవురి కార్డు వేగం అనేదే ఆయనకూ, కదిర్కామం నుంచి సైకిల్లో వచ్చే జి. వరదరాజులుకూ ఆదివారం మధ్యాహ్నాల పేచీ. మా ఆయనది కొన్న కార్డు. వరదన్నది ఎనిమిది నెలలు ఒక్కొక్క తీగా అతికించి సొంతంగా చేసుకున్నది.

డిస్కు తిరిగేటప్పుడు ఆ మిషన్ లోపలి గడియారం నిలిచిపోతుందంట. అందుకని స్టాప్‌వాచీ నా చేతికిచ్చినారు. ఎర్ర లైటు వెలిగితే నొక్కాల, ఆరితే నొక్కాల. లైటు నా పక్కకే కనపడేది. వాళ్ళిద్దరూ వెనకాల తీగలు పట్టుకొని ఉంటారు. సముద్రం గాలికి కిటికీ గుడ్డ ఊపిరి తీసుకున్నట్టు లేస్తా, పడతా ఉంటాది. డిస్కు సద్దు యాడో దూరాన ఎవురో రాగులు విసురుతున్నట్టు. ఆ సద్దులో నేను నిద్రలో నడిచే మనిషి మాదిరి ఉండేదాన్ని. పిల్లల్లేని ఇల్లు. వారమంతటికీ నాకు అదొక్కటే.

ఒక ఆదివారం పందెం వేసుకున్నారు. గెలిచినోళ్ళ ఇంటికే మిషన్లన్నీ.

మా ఆయన కార్డు పంతొమ్మిది సెకన్లు. తర్వాత వరదన్నది పెట్టినారు. లైటు ఆరింది. వాచీలో అంకె చూసినాను. నొక్కలేదు. ఒకసారి గాలి పీల్చి, వదిలి, అప్పుడు నొక్కినాను.

"ఎంత చెల్లెమ్మా?"

"ఇరవై ఒకటి."

"ఏంది బావా, నీ కార్డు టౌన్ బస్సు మాదిరి నిలిచి నిలిచి పోతా ఉంది!" మా ఆయన నవ్వినాడు.

"ఇంకో తూరి పెట్టు. సరిగ్గా చూడు చెల్లెమ్మా."

"చూస్తానే ఉండా గదన్నా."

మళ్ళీ అదే చేసినాను. మూడో తూరి వాచీ తాను పట్టుకుంటానన్నాడు మా ఆయన. వరదన్న ఒప్పుకోలేదు.

"వద్దు బావా. నువ్వు మోసం చేస్తావు. చెల్లెమ్మ చెయ్యదు."

చేసినాను.

మా ఆయన గెలవాలనా? కాదు. గెలుపోటములు నాకెందుకు? మిషన్లు కదిర్కామం పోతే మా ఆయన కూడా ఆడికే పోతాడు, ఆ సద్దు లేని ఇంట్లో నేనొక్కదాన్నే మిగిలిపోతానని భయం. అంత చిన్న భయానికి ఒక మనిషి చేతులు విరగ్గొట్టినానా? వరదన్న కార్డును అన్నం సంచిలో వేసుకొని పోయినాడు. మళ్ళీ రాలేదు. నా చేతుల్లో పనితనం లేదు బావా అని కబురు పంపించి, కిరుమాంబాక్కంలో తమ్ముడి అంగట్లో కూర్చున్నాడు. పోటీకి మనిషి లేక మా ఆయన మిషన్ల మీద దుప్పటి కప్పేసినాడు. వరద ఎందుకు రాడే అని అడుగుతానే కన్ను మూసినాడు. ఆయనకూ చెప్పలేదు.

వరదన్న ఇంకా ఉండాడు. పోయి చెప్పొచ్చు గదా అంటారు మీరు. రెండు తూర్లు బస్సెక్కి, సగం దారిలో దిగి వచ్చేసినాను. తిడతాడని కాదు. పోనీలే చెల్లెమ్మా అంటాడేమోనని. అనేస్తే, ఆ చేతులు ఊరికే ఉండిపోయిన ఏండ్లు యాడనుంచి తెచ్చిచ్చేది?

వరదన్న కార్డు పదిహేడు సెకన్లు. మూడు తూర్లూ పదిహేడే.

రాసినారా? ఒకసారి గట్టిగా చదవండి. నా చెవులతో వినాల.