సిడిన్ పొడిచిన మూడు చిల్లులు

బెంకూలు రేవులో కొమ్ముతో గిన్నెలు చెక్కే సిడిన్‌కి అనుమానం ఉగ్గుపాలతో అబ్బింది. పెళ్ళినాడు పెళ్ళికూతురి మొహం రెండుసార్లు చూసి, ఈ పిల్లేనా అని అత్తగారిని అడిగాక గానీ కూర్చోలేదని అతని భార్య రపియా ఊరంతా చెప్పేది. ఇందులో వీసమెత్తు అబద్ధం లేదు. అబద్ధమున్నా అది రపియాది.

ఆ తీరంలో పెద్దమనుషులందరూ అతని దగ్గరే గిన్నెలు చేయించుకునేవారు. ఖడ్గమృగం కొమ్ముతో చేసిన గిన్నెలో విషం పడితే నురగ కక్కుతుందని వాళ్ళ నమ్మకం. రేవులో దున్న కొమ్ము చూపించి ఖడ్గమృగం కొమ్మని అంటగట్టే ఘనులు కోకొల్లలు. అందుకని సిడిన్ ఎవరూ మార్చెయ్యకుండా చేతికొచ్చిన ప్రతి కొమ్ముకీ అడుగున ఎర్రగా కాల్చిన సూదితో మూడు చిల్లులు పొడిచేవాడు. ఆ గుర్తు సంగతి కట్టుకున్న రపియాకీ తెలియదు.

ఆ ఏడు నది అవతల ఎవరో రెండు కొమ్ముల ఖడ్గమృగాన్ని కొట్టారు. కోటలో ఉండే డాక్టరు దొర దాన్ని తెప్పించి తన పెరటి పాకలో పడేయించాడు. కోసి, లోపలున్నదంతా చూసి, బొమ్మ గీసి సముద్రం అవతలి పండితులకి పంపాలట. సన్నపని తెలిసిన చెయ్యి కావాలని సిడిన్‌ని పిలిచాడు. బొమ్మ పూర్తయ్యాక పెద్ద కొమ్ము సిడిన్‌ది, చిన్నది దొరది. అదే కూలి.

సిడిన్‌కి నోరాగలేదు. వరి కోతల్లోపు గిన్నె ఇస్తానని ఊరిపెద్ద దాతుక్‌కి మాటిచ్చేశాడు. చేపల బజారులో కొమ్ము పడవంత ఉందని చెప్పాడు.

“అందులో కాపురం పెడతావా, సముద్రంలోకి దింపుతావా మావా?” అంది బజారు.

ఇక ఆ కొమ్ము చేతికి రాకపోతే రేవులో తలెత్తుకు తిరగలేడు.

పాకలో మొదటిరోజే అనుమానం పట్టుకుంది. దొర దాని పళ్ళు మూడుసార్లు లెక్కపెట్టాడు. నాలుక కొలిచాడు. పేగులు పరిచి పక్కనే అడుగులేసి పొడవు చూశాడు. తినడానికీ కాదు, అమ్మడానికీ కాదు. చచ్చినదాన్ని ఇంత మురిపెంగా చూసుకునేవాణ్ణి ఎలా నమ్మడం? సిడిన్ పెద్ద కొమ్మును కత్తితో తోలుమీంచి ఒలిచాడు. ఎముకకి అతుక్కుని లేదేమిటని దొర ఆశ్చర్యపోయాడు. అది గోరులాగా తోలులోంచి మొలుస్తుందని అడవిలో వేటగాళ్ళందరికీ తెలుసు. దొర మాత్రం పుర్రెమీద కొమ్ము కూర్చునే గరుకు చోటుని వేలితో తడుముతూ ఉండిపోయాడు. ఆ సందులో సిడిన్ సూది కాల్చి కొమ్ము అడుగున మూడు చిల్లులు పొడిచేశాడు. రేపు నువ్వు కొమ్ము మారిస్తే దొరికిపోతావు దొరా అనుకున్నాడు.

దొర ముక్కు ఎగబీల్చి ఏమిటా కంపు అని అడిగాడు. వంటింట్లో కోడిని కాలుస్తున్నారని సిడిన్ తొణక్కుండా చెప్పాడు.

నాలుగో రోజుకి బొమ్మ తయారైంది. అందులో కొమ్ము అడుగున మూడు చిల్లులూ ముత్యాల్లా కుదిరాయి.

“చూశావా సిడిన్, కొమ్ముకి నెత్తురు వెళ్ళే దారులు. ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు. ఇవి లోపల ఎంతదూరం పోయాయో చూడాలి. రంపం తీసుకుని నిలువునా కొయ్యి.”

నిలువునా చీల్చిన కొమ్ములోంచి గిన్నె రాదు. నిజం చెబితే దొరని దొంగన్నట్టు. చెప్పకపోతే బజారు ముందు తానే దొంగ. సిడిన్ రంపం పళ్ళు కాసేపు లెక్కపెట్టాడు, అచ్చం దొరలాగే.

“అవి నెత్తురు దారులు కావు తువాన్ దొరా. నేను పొడిచినవి.”

“ఎందుకు?”

“మీరు కొమ్ము మార్చేస్తారేమోనని.”

దొర మొహం ఎర్రబడింది. కళ్ళు చిన్నవయ్యాయి. “కోత తప్పించుకోవడానికి కథలు చెబుతున్నావు.”

సిడిన్ ఇంటికి పరుగెత్తి తన పాత గిన్నె తెచ్చి తిరగేశాడు. దాని అడుగునా అవే మూడు చిల్లులు. దొర పొంగిపోయాడు.

“అయితే అన్ని కొమ్ములకీ ఉంటాయన్నమాట.”

సిడిన్ తల పట్టుకున్నాడు. ఇక లాభం లేదని సూది కాల్చి, దొర కళ్ళముందే చిన్న కొమ్ముకి మూడుచోట్ల పొడిచాడు. పొగ లేచింది. దొర ముక్కు ఎగబీల్చాడు.

“మొదటిరోజు కోడి ఇదేనా?”

“ఇదే తువాన్.”

దొర తన తలలోంచి ఒక వెంట్రుక పీకి నిప్పుమీద వేశాడు. అదే కంపు. కాగితంమీద చిల్లులు గీకేసి, కొమ్ము ఎముక కాదు, వెంట్రుకల జాతిదని పక్కన రాసుకున్నాడు. చిన్న కొమ్మును నిలువునా కోయించుకున్నాడు. బొమ్మ సరిదిద్దుకోవాలి, పెద్దది రేపొచ్చి పట్టుకెళ్ళమన్నాడు.

మర్నాడు అన్నమాట ప్రకారం ఇచ్చేశాడు. కోట వాలు దిగగానే సిడిన్ కొమ్ము తిరగేశాడు. మూడు చిల్లులూ ఉన్నాయి. నవ్వబోయి ఆగిపోయాడు. చిల్లులు ఎలా పొడవాలో ఆ దొరకి తానే దగ్గరుండి నేర్పాడు.

చెక్కుతున్నప్పుడు ఇది అసలుదేనని చేతులు చెప్పాయి. మనసు ఒప్పుకోలేదు. గిన్నె కోతలకి ముందే దాతుక్‌కి చేరింది. బజారు నోరు మూసుకుంది. ఆ ఇంట విందు జరిగినప్పుడల్లా దాతుక్ మర్యాదగా ముందు సిడిన్‌కే ఆ గిన్నె అందించేవాడు. ముప్పై ఏళ్ళలో ఆ ఇంట్లో సిడిన్‌కి ఒక్కసారీ దాహం వెయ్యలేదు.